బోర్డు పాతారు, నడిపే పైసలేవి?

మారుమూల మండలాల యువత గురించి రాష్ట్ర ప్రభుత్వానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ముఖ్యమంత్రి గారికి, ఆర్థిక, పంచాయతీరాజ్, గిరిజన సంక్షేమ, క్రీడలు, యువజన సర్వీసుల శాఖల మంత్రులకు, ఆ శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 27 ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. ములుగు, భూపాలపల్లి జిల్లాలు కలిసే అడవి అంచున మా ఊరు. మా ఊళ్లో, చుట్టూ ఉన్న ఆరు గూడేల్లో కలిపి 18 నుంచి 30 ఏళ్ల వయసువాళ్లు 400 మందికి పైనే ఉంటారు. చాలామంది నా ఈల సప్పుడుకు లైన్లో నిలబడి పెరిగినవాళ్లే. పెళ్లిళ్లయి పిల్లలు పుట్టినా నాకు వాళ్లు పిల్లలే. వాళ్ల కోసమే ఈ లేఖ.

రెండేళ్లలో మూడు అర్జీలు ఇచ్చాం. మొదటిది ఆటస్థలం గురించి, రెండోది చదువుకునే గది గురించి, మూడోది శిక్షణ గురించి. ప్రతిసారీ సోమవారం పొద్దున్నే బయలుదేరి, రెండు బస్సులు మారి, కలెక్టరేట్ ప్రజావాణి క్యూలో నిలబడి ఇచ్చి వచ్చాం. మొదటి అర్జీ సంబంధిత శాఖకు పంపామని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. రెండోది "పరిష్కరించబడింది" అని వచ్చింది. ఏం పరిష్కారమైందో అడగడానికి మళ్లీ వెళ్తే, ఆన్‌లైన్‌లో క్లోజ్ అయింది కాబట్టి కొత్తగా అర్జీ పెట్టుకోమన్నారు. మూడోదానికి మెసేజ్ కూడా రాలేదు. అక్కడ కూర్చున్న ఉద్యోగుల మీద నాకు కోపం లేదు. వాళ్ల చేతిలో ఇవ్వడానికి పద్దు లేదు. పద్దు రాసేది మీరు. అందుకే ఈ మాట నలుగురి ముందు మీకే చెబుతున్నాను.

మీరు ఏమీ చేయలేదని నేను అనను. 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని పెట్టుకున్నారు. స్కిల్ యూనివర్సిటీ పెట్టారు. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు. అంతకు ముందున్న ప్రభుత్వం 2022 జూన్ 2న ఊరూరా క్రీడా ప్రాంగణాలు అని మొదలుపెట్టింది. ఏ ప్రభుత్వమైనా ఏదో ఒకటి కడుతూనే ఉంది. మా బాధ కట్టిన తర్వాతి సంగతి. గదికి తాళం తీసే మనిషికి జీతం, కరెంటు బిల్లు, నేర్పేవాడికి గౌరవ వేతనం, మైదానంలో ఏటా మొలిచే తుమ్మ కొట్టించే కూలి, వీటికి ఎక్కడా పైసా రాసి ఉండదు. రాసి ఉన్న కొద్దిపాటి డబ్బూ జనం ఎక్కువ ఉన్నచోటికే పోతుంది.

మా దగ్గర ఇది ఎలా ఉందో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. రోడ్డు మీద పరుగు

మా క్రీడా ప్రాంగణం చెరువు వెనక, శ్మశానం పక్కన ఉంది. ఊళ్లో వేరే జాగా లేదన్నారు, సరే అన్నాం. ఉపాధి హామీ కూలీలు చదును చేశారు. బోర్డు పాతారు, రెండు ఇనుప బార్లు పెట్టారు, లాంగ్ జంప్ గుంత తవ్వారు. ఆ వానాకాలమే గుంతలో నీళ్లు నిలిచాయి, మరుసటి ఏడాదికి తుమ్మ మొలిచింది. రెండుసార్లు ఊరి పిల్లలు చందాలు వేసుకుని జేసీబీ పెట్టించారు. మూడోసారి వేసుకోలేకపోయారు. ఇప్పుడు అక్కడ బోర్డు మాత్రమే కనబడుతుంది. దారి లేదు, లైటు లేదు. ఆడపిల్లలు చీకటితో ఆ వైపు పోరు, వాళ్ల తల్లులు పోనివ్వరు. పోనివ్వకపోవడంలో తప్పు లేదు.

మరి పోలీసు కొలువుకు తయారయ్యే పిల్లలు ఎక్కడ పరుగెత్తుతున్నారు? రోడ్డు మీద. 2022 నోటిఫికేషన్ ప్రకారం ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. పొద్దున ఐదు కొట్టకముందే ఇరవై మందికి పైగా మెయిన్ రోడ్డు అంచున లేస్తారు. కిలోమీటరు రాయి దగ్గర మొదలు, వంతెన దగ్గర మలుపు. నేను సెల్‌ఫోన్ టార్చ్ పట్టుకుని నిలబడతాను. అదే టైముకు ఇసుక లారీలు వరుసగా వస్తాయి. లారీ లైట్లు కళ్లలో పడగానే అందరూ మట్టిలోకి దిగుతారు, లారీ పోయాక మళ్లీ ఎక్కుతారు. అలా దిగి ఎక్కే పరుగులో టైమింగ్ ఎట్లా తెలుస్తుంది? నిరుడు ఒక అమ్మాయి మడమ మెలికపడి నెలన్నర మంచం మీద ఉంది. తేరుకున్నాక నాతో అన్న మాట ఇది: "సార్, లారీ గుద్దితే మా అమ్మ సర్కారును అడగదు, నిన్నే అడుగుతది." ఆ మాట విన్నప్పటి నుంచి ఆ పిల్లలు రోడ్డెక్కిన గంటసేపూ నాకు టెన్షనే.

మా ఉమ్మడి వరంగల్ నేలలో సత్తువకు కరువు లేదు. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వెళ్లిన జీవంజి దీప్తి 2024లో కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. ఎవరో ఒక కోచ్, ఒక గురుకులం, ఒక హాస్టల్ వాళ్లను చూసి పట్టుకున్నందువల్ల మనకు వాళ్ల పేర్లు తెలిశాయి. నా 27 ఏళ్లలో అంతటి కాళ్లున్న పిల్లలను నేను కనీసం ఐదుగురిని చూశాను. ఒకరు మిరప ఏరడానికి పోతున్నారు, ఒకరు హైదరాబాద్‌లో పార్శిళ్లు మోస్తున్నారు. మిగతా ముగ్గురు ఆడపిల్లలు, పదో తరగతి అయిన రెండేళ్లలో పెళ్లిళ్లయ్యాయి. వాళ్లను పట్టుకునే చెయ్యి మా మండలంలో లేకపోయింది. నేను ఒక్కడినే ఉన్నాను, నాకు జిల్లా దాకా తీసుకుపోవడమే చాతనైంది.

2. చదువుకునే గది

పాత పంచాయతీ ఆఫీసు ఖాళీ అయినప్పుడు పిల్లలు అడిగి ఆ గదిని తీసుకున్నారు. సున్నం వేసుకున్నారు. బెంచీలు స్కూల్లో పక్కన పడేసినవి. పుస్తకాలు హనుమకొండలో కోచింగ్ అయిపోయి వచ్చినవాళ్లు ఇచ్చినవి. గ్రూప్స్, డీఎస్సీ, రైల్వే, బ్యాంకు, ఏదైనా సరే అక్కడే చదువుతారు. ఇళ్లలో ఒకటే గది, టీవీ, పసిపిల్లలు, ఇంటి ముందు బర్రెలు. చదువుకోవడానికి నాలుగు గోడలు కావాలి కదా.

మూడు నెలల కరెంటు బిల్లు కట్టలేక లైను తీసేశారు. అప్పటి నుంచి చీకటి పడితే గది మూత. పగలు కైకిలికి పోయి వచ్చేవాళ్లకు చీకటి పడ్డాకే కదా ఖాళీ దొరికేది.

మాది గ్రంథాలయ ఉద్యమం నడిచిన గడ్డ. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లోనే పెట్టారు. నిజాం కాలంలో తెలుగు చదువుకోవడానికి చోటు కోసం ఆనాటి పెద్దలు సొంత డబ్బు పెట్టుకున్నారు. ఆ తర్వాత 1960లో గ్రంథాలయ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. నా ఇంటి పన్ను రసీదులోనూ ఆ పద్దు ఉంది. స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మా ఊరి నుంచి ఏటా ఎంత వసూలైంది, అందులో ఎంత జమ అయింది, మా మండలానికి ఎంత తిరిగొచ్చింది? ఈ మూడు అంకెలు అడిగాం. ఇంతవరకు ఒక్కటీ చెప్పలేదు.

పంచాయతీని అడగండి అంటారు. రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో పంచాయతీల కోసం రాసిన 29 అంశాల్లో గ్రంథాలయాలున్నాయి, వృత్తి శిక్షణ కూడా ఉంది. కానీ 2024 ఫిబ్రవరి 1తో పాత సర్పంచుల గడువు తీరిపోయింది, ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు ఆగిపోతుంది. ట్రాక్టర్ డీజిల్‌కే వెతుక్కునే పంచాయతీ మా గదికి కరెంటు బిల్లు ఎట్లా కడుతుంది?

ఖర్చు ఎంతవుతుందో పిల్లలే లెక్క వేశారు. గది చూసుకునే ఒకరికి నెలకు 6,000, కరెంటుకు 900, పేపర్లకు, ఇంటర్నెట్‌కు 1,100. నెలకు 8,000, ఏడాదికి 96,000. కొత్త పుస్తకాలకు ఇంకో 24,000 కలిపితే 1,20,000 రూపాయలు. హనుమకొండలో ఒక్క పిల్లవాడు హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటే ఏడాదికి దాదాపు అంత అవుతుంది. అదే డబ్బుతో ఇక్కడ ముప్పై మంది చదువుకుంటారు.

3. ముప్పై మంది ఉంటేనే బ్యాచ్

ఈ సంగతి మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు అన్యాయం ఈ నిబంధనలోనే ఉంది.

గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి పని చూపించే పథకాలు ఉన్నాయి. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 2014 నుంచి ఉంది. స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి. మా పిల్లలు ఎలక్ట్రీషియన్, సెల్‌ఫోన్ రిపేరు, డ్రైవింగ్, టైలరింగ్ అడిగారు. ఒకేచోట, ఒకే కోర్సుకు 30 మంది దొరికితేనే బ్యాచ్ పెడతామన్నారు. ఆరు గూడేలు, మధ్యలో రెండు వాగులు. ఎలక్ట్రీషియన్‌కు 11 మంది, డ్రైవింగ్‌కు 14 మంది, టైలరింగ్‌కు 17 మంది దొరికారు. అన్నీ కలిపితే 42 మంది, అయినా ఒక్క బ్యాచ్ కాలేదు. ఆ సీట్లు పట్నంలో నిండాయి. కాగితం మీద జిల్లా లక్ష్యం నెరవేరినట్టే.

ములుగు జిల్లా రాష్ట్రంలో జనాభా అతి తక్కువ ఉన్న జిల్లాల్లో ఒకటి. తలల లెక్కన పంచితే మాకు ఎప్పటికీ మిగిలిందే వస్తుంది. జనం పల్చగా ఉన్నచోట ఒక్కొక్కరికి ఖర్చు ఎక్కువ అవుతుంది. బస్సు ఛార్జీ, బస, నేర్పేవాడు రావడానికి, పోవడానికి, అన్నీ ఎక్కువే.

నేను అథ్లెటిక్స్ నేర్పినవాణ్ని కాబట్టి నాకు తెలిసిన మాటలో చెబుతాను. 400 మీటర్ల పరుగులో ఎనిమిది మందినీ ఒకే గీత మీద నిలబెట్టరు. బయటి లేన్ మలుపు పొడవు ఎక్కువ కాబట్టి ఎనిమిదో లేన్ పిల్లను మొదటి లేన్ పిల్లకంటే దాదాపు 53 మీటర్లు ముందు నిలబెడతారు. ఆ పిల్లకు ఎక్కువ ఇచ్చారని ఎవరూ కేకలు వేయరు. అందరూ ఒకే దూరం పరుగెత్తాలంటే అలాగే నిలబెట్టాలి. మా మండలాలు ఎనిమిదో లేన్‌లో ఉన్నాయి. మమ్మల్ని హనుమకొండతో ఒకే గీత మీద నిలబెట్టి, మీకూ అంతే ఇచ్చాం కదా అంటున్నారు.

హనుమకొండ పిల్లల మీద మాకు అసూయ లేదు. వాళ్లకు కాకతీయ యూనివర్సిటీ ఉంది, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది, స్టడీ సర్కిళ్లు ఉన్నాయి, పక్కనే నిట్ ఉంది. ఉండాలి. వాళ్ల దగ్గర ఒక్కటి కూడా తగ్గించమని మేం అడగడం లేదు.

సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలో గిరిజన యువత కోసమని శిక్షణ కేంద్రాలు కట్టారు. ములుగు దగ్గర జాకారంలో ఉన్నది వాటిలో ఒకటి. 2014 విభజన చట్టంలో రాసిన గిరిజన విశ్వవిద్యాలయానికి పార్లమెంటు ఆమోదం 2023 డిసెంబర్‌లో దొరికింది. సమ్మక్క సారక్క పేరుతో ఆ యూనివర్సిటీ తరగతులు మొదలుపెట్టింది ఈ శిక్షణ కేంద్రం భవనంలోనే. యూనివర్సిటీ వచ్చినందుకు మాకు సంతోషం, పదేళ్లు ఎదురుచూశాం. కానీ పది తప్పినవాడికి, ఇంటర్ మధ్యలో ఆపిన అమ్మాయికి యూనివర్సిటీ పనికిరాదు. వాళ్ల కోసం కట్టిన చోటును యూనివర్సిటీకి ఇచ్చినప్పుడు, వాళ్ల శిక్షణకు బదులు చోటు కూడా చూపించాల్సింది.

స్వయం ఉపాధి సంగతీ ఇంతే. 2025 మార్చిలో రాజీవ్ యువ వికాసం ప్రకటించి 6,000 కోట్లు అన్నారు. రాష్ట్రమంతా 16 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. జూన్ 2న మంజూరు పత్రాలు అన్నారు, ఆ తేదీ వాయిదా పడింది. మా ఊరి నుంచి 19 మంది పెట్టుకున్నారు. కుల, ఆదాయ పత్రాల కోసం ఒక్కొక్కరు మూడు నాలుగు రోజుల కూలి పోగొట్టుకున్నారు. ఈ లేఖ రాసే నాటికి ఒక్కరికీ కబురు లేదు.

4. బస్సు ఉచితమే, బస్సు రావాలి కదా

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. నిజంగా మేలు చేసిన పథకం అది, మా అమ్మాయిలు నలుగురు డిగ్రీలో చేరడానికి కారణం అదే. కానీ మా ఊరికి వచ్చేవి రోజుకు రెండు ట్రిప్పులు. సాయంత్రం బస్సు నాలుగున్నరకు పోతుంది. శిక్షణ తరగతి ఐదు దాకా ఉంటే అమ్మాయి ఆటో ఎక్కాలి, చీకట్లో అడవి దారిలో రావాలి. రెండు రోజులు వస్తుంది, మూడో రోజు ఇంట్లోవాళ్లు ఆపేస్తారు. తర్వాత ఆ సీటు దగ్గర "అభ్యర్థికి ఆసక్తి లేదు" అని రాస్తారు. ఆసక్తి లేక కాదు, బస్సు లేక మానేసింది. కాలమ్ పేరు మార్చండి.

5. సాయంత్రాలు

ఈ విషయం రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయకపోతే మీకు తెలియదు.

పని లేని పిల్లవాడికి సాయంత్రం చాలా పెద్దది. ఆడుకోను చోటు లేదు, కూర్చోను గది లేదు. ఉన్నది కల్వర్టు గోడ, చేతిలో ఫోను. తెలంగాణలో పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే నిషేధించారు. అయినా బెట్టింగ్ యాప్‌లు మా గూడేల దాకా వచ్చాయి. మా వీధిలో 22 ఏళ్ల పిల్లవాడు తండ్రి పత్తి అమ్మిన డబ్బు లక్షా నలభై వేలు ఐపీఎల్ సీజన్‌లో పోగొట్టాడు. తండ్రి ఒక్క మాట అనలేదు. అనకపోవడానికి కారణం, ఏమైనా అంటే కొడుకు ఏం చేసుకుంటాడోనన్న భయం. రెండు నెలలు ఆ ఇంట్లో రాత్రి ఎవరో ఒకరు మేలుకునే ఉన్నారు. ఇప్పుడు ఆ పిల్లవాడు పొద్దున నాతో పాటు రోడ్డు మీద పరుగుకు వస్తున్నాడు.

గంజాయి కూడా వచ్చింది. పోలీసులు ఊళ్లో మీటింగు పెట్టి, బోర్డు పెట్టి, ప్రతిజ్ఞ చేయించి వెళ్లారు. మంచిదే. మీటింగు అయిన మరుసటి సాయంత్రం ఆ పిల్లలు ఎక్కడికి పోవాలి?

ఇదివరకు ఊరికో యువజన సంఘం ఉండేది. నెహ్రూ యువ కేంద్రం వాళ్లు ఒక వాలీబాల్, నెట్, క్యారమ్ బోర్డు ఇచ్చేవాళ్లు. చాలా చిన్న సాయం. ఆ నెట్ కట్టడం కోసమే సాయంత్రం ఇరవై మంది జమ అయ్యేవాళ్లు. ఊళ్లో పెళ్లి అయినా, చావు అయినా ఆ ఇరవై మందే పనికి నిలబడేవాళ్లు. 2023 జూలై వరదల్లో మా వాగు పొంగినప్పుడు ముసలివాళ్లను ట్రాక్టర్ల మీద స్కూలు మిద్దె దగ్గరికి చేర్చింది కూడా అలా పెరిగినవాళ్లే. ఇప్పటి పిల్లలకు ఆ కలయిక లేదు.

6. ఊరు ఖాళీ అవుతోంది

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ బాట. మా వైపు హైదరాబాద్ బాట. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇవ్వాలని మీరు నిర్ణయించారు, అందుకు కృతజ్ఞతలు. బతికుండగానే ఇక్కడ నిలబడటానికి అందులో ఐదో వంతు ఖర్చు పెట్టమని అడుగుతున్నాం.

నిధులు లేవు అనే జవాబు నాకు ముందే తెలుసు. దాని గురించి రెండు మాటలు.

మా ప్రాంతం నుంచి బొగ్గు పోతోంది. భూపాలపల్లి గనులు, చెల్పూరు కరెంటు ప్లాంటు ఎవరికీ తెలియనివి కావు. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం జిల్లా ఖనిజ నిధి ఉండాలి, అది గనుల వల్ల ప్రభావితమైన ప్రాంతాలకు ఖర్చు కావాలి. ముందు ఖర్చు చేయాల్సిన వాటిలో నైపుణ్య శిక్షణ ఉందని కేంద్రం మార్గదర్శకాల్లోనే రాశారు. అలాగే 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీల కోసం కేటాయించి ఖర్చు చేయని డబ్బు మరుసటి ఏడాదికి కలవాలి. గ్రంథాలయ పన్ను సంగతి పైన చెప్పాను. కొత్త పన్ను వేయమని మేం అనడం లేదు. మా పేరు మీద ఉన్నవి మా దాకా రానివ్వండి.

చేయాలనుకుంటే చేయగలరని మాకు తెలుసు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు రోడ్లు, నీళ్లు, కరెంటు, వేల బస్సులు నెలల్లో సిద్ధం చేస్తారు. ఆ పని చేసేది ఇదే యంత్రాంగం, జరిగేది ఇదే అడవిలో. మిగతా రోజుల్లో మా పిల్లలకు అందులో రవ్వంత శ్రద్ధ చాలు.

మా డిమాండ్లు ఇవి:

1. యువజన సేవలకు ప్రతి మండలానికీ "నిర్వహణ ఖర్చు" అని విడిగా ఒక పద్దు పెట్టండి. కట్టడాల పద్దులో దాన్ని కలపవద్దు. ఏప్రిల్‌లోనే మంజూరు చేయండి. మార్చి ఆఖరులో ఇస్తే అది కుర్చీలు కొనడానికే సరిపోతుంది.

2. పంచేటప్పుడు తలల లెక్కతో పాటు జిల్లా కేంద్రం నుంచి దూరం, గూడేలు ఎంత చెదిరి ఉన్నాయి, బస్సు ఎన్నిసార్లు వస్తుంది అన్నవి లెక్కలోకి తీసుకోండి. 2011 తర్వాత జనగణన లేదు. కానీ 2024 నవంబర్‌లో మీరే ఇంటింటి సర్వే చేయించారు. ఏ ఊళ్లో ఏ వయసువాళ్లు ఎందరున్నారో ఆ సర్వే నుంచి తీయండి.

3. ఏజెన్సీ మండలాల్లో శిక్షణ బ్యాచ్‌కు 30 మంది నిబంధన తీసేయండి. 10 మంది ఉన్నా నడపండి. కుదరకపోతే నేర్పేవాళ్లనే వారానికి మూడు రోజులు మండలానికి పంపండి. వ్యాన్‌లో సామాను తెచ్చి నేర్పినా మాకు సరే.

4. జాకారం కేంద్రానికి బదులు గిరిజన యువతకు మరో శిక్షణ స్థలం ఎక్కడ, ఎప్పటికి ఇస్తారో రాతపూర్వకంగా చెప్పండి.

5. గ్రంథాలయ పన్ను ప్రతి పంచాయతీ నుంచి ఎంత వసూలైంది, ఎంత జమ అయింది, ఎక్కడ ఖర్చయింది అనేది ఏటా పంచాయతీ గోడ మీద రాయించండి. కనీసం సగం ఆ మండలంలోనే చదువుకునే గదులకు ఖర్చు చేయండి.

6. ప్రతి మండలంలో కనీసం ఒక్క క్రీడా ప్రాంగణాన్ని నిజమైన మైదానంగా చేయండి. 200 మీటర్ల మట్టి ట్రాక్, నాలుగు లైట్లు, ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది, ఏడాది పొడవునా గౌరవ వేతనం మీద ఒక శిక్షకుడు. సీఎం కప్ పోటీలప్పుడు మా పిల్లలను పిలుస్తున్నారు, మిగతా పదకొండు నెలలు వాళ్లు ఎక్కడ సాధన చేయాలో కూడా చూడండి.

7. శిక్షణ తరగతులు ముగిసే టైముకు బస్సు ఉండేలా చూడండి. అది కుదరని దారుల్లో అమ్మాయిలకు ఆటో ఛార్జీ ఇవ్వండి.

8. మండలానికో కౌన్సెలర్‌ను పెట్టండి. బెట్టింగ్, మత్తు, అప్పుల్లో చిక్కుకున్న పిల్లవాడు పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కకుండా మాట్లాడగలిగే ఒక మనిషి కావాలి.

9. ఈ డబ్బు ఖర్చుపై నిర్ణయం తీసుకునే కమిటీలో 30 ఏళ్ల లోపువాళ్లు సగం మంది ఉండాలి, అందులో సగం ఆడపిల్లలు. నాలాంటి ముసలివాళ్లను వేయకండి.

అన్నీ ఒకేసారి కావని తెలుసు. మొదటిది, మూడోది ఈ బడ్జెట్‌లోనే చేయండి. వాటికి కొత్త భవనం, కొత్త చట్టం ఏదీ అవసరం లేదు, ఒక జీవో సరిపోతుంది. 60 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాం. అవునన్నా, కాదన్నా, కారణం రాసి ఇవ్వండి. "పరిష్కరించబడింది" అనే మెసేజ్ మాత్రం పంపకండి.

జవాబు రాసే ముందు మీలో ఒక్కరైనా, మంత్రి గారు కాకపోయినా సరే, ఫైలు చూసే అధికారి ఎవరైనా, ఒక పొద్దున ఐదు గంటలకు మా రోడ్డు మీదికి రండి. ముందుగా చెప్పి రావాల్సిన పని లేదు, స్వాగత ఏర్పాట్లు ఏమీ ఉండవు. కిలోమీటరు రాయి దగ్గర టార్చ్ పట్టుకుని నేను ఉంటాను. లారీలు వచ్చినప్పుడు మీరూ మాతో పాటు మట్టిలోకి దిగి నిలబడండి.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు,
మా ఊరు, ఆరు గూడేల యువతీయువకుల తరఫున